సర్వేయరు గారి పాసులో మిగిలిన రోజులు

పళ్లాయనకి ఆ పేరు పెట్టింది ఆయన రోజూ ఎక్కే రైల్లోని మూడో బోగీ. పట్నంలో ఒక ల్యాబులో ఆయన కట్టుడుపళ్లు చేస్తాడు. పగలంతా మైనంలో పళ్లు నాటి, సాయంత్రానికి పదిమంది నవ్వుల్ని అలమరలో వరసగా ఆరబెట్టి, లైటార్పి ఇంటికి వస్తాడు. ఆ నవ్వులకి వీపు చూపించి తలుపు వేయడం మాత్రం పదకొండేళ్లయినా ఆయనకి అలవాటు కాలేదు.

ఆ పదకొండేళ్లలో ఆయన ఒక్కసారీ రైలు పాసు తీసుకోలేదు. ఏ రోజుకారోజు టికెట్టే. దీని వెనక ఒక సిద్ధాంతముంది. పాసు కొనడమంటే, గడువు దాకా బతికే ఉంటానని రైల్వేకి రాతపూర్వకంగా, ఫొటో అంటించి మరీ హామీ ఇవ్వడం. టికెట్టుకైతే సాయంత్రం దాకా ఉంటే చాలు.

"డాక్టరేమో ఇంకా రైల్లో నిలబడితే మోకాళ్లు మార్చాలంటాడు, మీరేమో టికెట్టంటారు. పాసున్నవాళ్లంతా పోతున్నారా ఏంటండీ?" అంది భార్య.

"అంతా కాదే. సర్వేయరు."

మూడో బోగీలో కూర్చునే హక్కు పాసులవాళ్లది. అది రైల్వే రాసిన రూలు కాదు, అంతకన్నా గట్టిది. టికెట్టు మనుషులు గంటసేపు కడ్డీ పట్టుకుని వేలాడాలి. పాసు మనిషి పోయినా, పాసు గడువు తీరేదాకా ఆ సీటు ఆయనదే. కిటికీ పక్కన కూర్చునే భూముల సర్వేయరు ఏడాది పాసులో నాలుగు నెలలు మిగిల్చి పోయాడు.

ఆ ఖాళీ సీటు ముందే పళ్లాయన నాలుగు నెలలూ నిలబడ్డాడు. బోగీకి పెద్దదిక్కైన హెడ్‌మాస్టరమ్మ ఎక్కగానే ఆ సీటు వైపు తలూపేది. టికెట్ కలెక్టరు అందరి పాసులూ చూసుకుంటూ వచ్చి, అక్కడ ఒక పాసు చదవడానికి పట్టేంతసేపు ఆగి, "మంచిదండీ" అని కదిలేవాడు. రైలు ఏటి వంతెన దాటి ఎండ ముఖాన పడగానే, సర్వేయరు ఉన్నప్పటిలాగే, ఆ కిటికీ షట్టరు దిగేది.

"స్ప్రింగు వదులైంది," అన్నాడు ఎదుటి సీటు దర్జీ.

"మరి మబ్బు పట్టిన రోజు దిగదేం?" అన్నాడు పళ్లాయన.

"నిలబడేవాళ్లు, మీకెందుకండీ ఇవన్నీ?"

గడువు ఆఖరి రోజు సాయంత్రం హెడ్‌మాస్టరమ్మ తీర్పు చెప్పింది. "రేపట్నుంచి ఖాళీ. పాసు తెచ్చుకుంటే మీది. లేదంటే ఇంకొకరిది. ఆపైన మీ మోకాళ్లు, మీ ఇష్టం."

రైలు దిగి, స్టేషన్ వంతెన మెట్లు ఎక్కి దిగేసరికి పళ్లాయనకి ప్రాణం పోయినంత పనైంది. నేరుగా పాసుల కౌంటరుకే వెళ్లాడు.

"నెలా, మూణ్నెల్లా, ఏడాదా?" అన్నాడు గుమాస్తా.

వెనక క్యూ గొణగడం మొదలుపెట్టేదాకా ఆయన ఆలోచించాడు. ఏడాదికి మాటివ్వడం మనిషన్నవాడి వల్ల కాదు. మూణ్నెల్లంటే పొగరు కిందికి వస్తుంది.

"నెలకివ్వండి. నెలైతే ఎలాగోలా పూచీ పడతాను."

గుమాస్తా తలెత్తకుండానే ముద్ర కొట్టాడు.

మర్నాడు పొద్దున మూడో బోగీ ఆయనకి దారిచ్చింది. పళ్లాయన కూర్చున్నాడు. మోకాళ్లు రెండూ హమ్మయ్య అనుకున్నాయి. ఆ వెంటనే ఆయన సీటు మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. రైలు బయల్దేరేది ఆ స్టేషన్లోనే. ఖాళీ బోగీలు అప్పుడే షెడ్డు నుంచి వచ్చాయి. అయినా సీటు వెచ్చగా ఉంది, అప్పటిదాకా కూర్చున్న మనిషెవరో కొద్దిగా జరిగి చోటిచ్చినట్టు.

లేద్దామనుకున్నాడు. మోకాళ్లు ఒప్పుకోలేదు. మెల్లగా ఇవతలి అంచుకి జరిగి, కిటికీ వైపు సగం వదిలేశాడు.

"అదేం కూర్చోడమండీ? సర్దుకుని కూర్చోండి," అంది హెడ్‌మాస్టరమ్మ.

"ఆయనున్నారు."

దర్జీ వేళ్లు మడిచి రోజులు లెక్క చూసుకున్నాడు. "పాసు నిన్నటితో అయిపోయిందిగా?" అన్నాడు గొంతు తగ్గించి.

"టికెట్టు కొనుక్కుని ఉంటారు," అన్నాడు పళ్లాయన, పక్కకి చూడకుండా.

టికెట్టు మీద వచ్చినవాళ్లు నిలబడాలి. ఆ మాట ఆ కిటికీ వైపు తిరిగి చెప్పడానికి హెడ్‌మాస్టరమ్మకి కూడా నోరు రాలేదు.