బొమ్మ రైళ్ల కోసం వెళ్లి పాటలో నిలబడ్డాను

మా ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. తెనాలి వైపు పట్టాల మీద ఎండనక వాననక సుత్తి భుజాన వేసుకుని తిరిగిన మనిషి. మెల్‌బోర్న్ వచ్చి టార్నీట్‌లో మా అమ్మాయి ఇంట్లో కుదురుకున్నాక ఆయనకు బొమ్మ రైళ్ల పిచ్చి పట్టింది. పిల్లలు ఈడ్చుకుని తిరిగే ప్లాస్టిక్ బండ్లు కావు. అరచేతిలో ఇమిడే ఇంజను, పెట్టెలు, కరెంటు పారే పట్టాలు, అంతా అచ్చం అసలు రైలే. కొత్తవి కొనడం నేను బతికుండగా జరగదని ఆయనకు తెలుసు. అందుకని జనం వాడేసిన సామాను అమ్ముకునే చోట ఫోన్లో రోజూ వెతికేవాడు.

"ఏందయ్యా, డెబ్భై దాటినాక ఈ ఆట?" అన్నాను.

"ఉద్యోగమంతా నేనే రైలుకి తప్పుకుని పక్కన నిలబడ్డా. ఇప్పుడు అది నా మాట వింటది," అన్నాడు.

ఒకరోజు ఆయనకు కావలసిన పాత బొగ్గు రైలు కనిపించింది. పోయిన తన భర్త రైళ్లన్నీ అమ్ముతున్న ఒక ముసలావిడ పెట్టిన ప్రకటన అది. యూనిలో చదువుతున్న మా మనవరాలు ఆమెతో మెసేజీలు నడిపింది.

"అమ్మమ్మా, పికప్ ఓన్లీ అంట. ఇంటికి రావద్దంట. సాటర్డే ఆర్వో, అంటే మధ్యాహ్నం, చర్చ్ హాల్ దగ్గరికి రమ్మంటోంది."

"మంచిదే. ఊరూ పేరూ తెలియనోళ్లని ఇంట్లోకి పిలవలేదంటే బుద్ధున్న మనిషే," అన్నాను.

అల్లుడు కారులో దింపుతానన్నాడు. సీనియర్ కార్డు మీద ఉచితంగా బస్సు ఉండగా పెట్రోలు తగలేయడం దేనికని ఇద్దరం బస్సులోనే వెళ్లాం.

ఆవిడది ఇంగ్లండు పక్కనున్న వేల్స్ దేశం. పెళ్లయిన కొత్తలో ఓడెక్కి ఇక్కడికి వచ్చిందట. చిన్న మనిషి, తెల్లని పొట్టి జుట్టు, మోచేతి దగ్గర రఫ్ఫు చేసిన స్వెట్టరు. ఆ రఫ్ఫు చూడగానే నాకు ఆమె మీద గౌరవం కలిగింది. హాల్లో బల్ల మీద మూరెడు పట్టా పరిచి, ప్రతి బండినీ నడిపి చూపించి గానీ చేతికి ఇవ్వలేదు. అది వాళ్లాయన పద్ధతట. ఆమె ఇంగ్లీషులో మా ఆయన సగం, నేను సగం పట్టుకుని అతికించుకున్నాం.

బొగ్గు పెట్టెలు బాగా మసిబారి ఉన్నాయి. అమ్మేటప్పుడైనా తుడవలేదే అనుకుని కొంగుతో రుద్దబోయాను. ఆమె చటుక్కున నా మణికట్టు పట్టుకుంది. ఆ మసి వాళ్లాయన సన్న కుంచెతో వేసిన రంగట. ఆయన తండ్రి బొగ్గు గనిలో పనిచేసేవాడట. శుభ్రంగా మెరిసే బొగ్గు బండి చూస్తే ఆయనకు నవ్వొచ్చేదట. కొంగు వదిలేశాను.

ఆ పూట కొన్ని బండ్లే ఇచ్చింది. మిగతావి ఒక్కొక్క శనివారం బాగుచేసి తెస్తానంది. తిరిగి వెళ్లే బస్సుకి చాలా సమయముంది కాబట్టి వెనక బెంచీ మీద కూర్చున్నాం. ఈలోగా వాళ్ల దేశం వాళ్లు పాట ప్రాక్టీసుకి ఒక్కొక్కరే వచ్చారు. పాట నేర్పే పెద్దాయన ముందు నిలబడి మమ్మల్ని చూశాడు.

"ఇక్కడ వినేవాళ్లకి కుర్చీల్లేవు. హై వాయిసా, లో వాయిసా?" అన్నాడు.

వాళ్ల ఆచారం అది. స్టేజీ ఉండదు, చప్పట్లు కొట్టేవాళ్లు ఉండరు, వచ్చినవాళ్లందరూ పాడవలసిందే. సన్న గొంతు ఆడవాళ్లు ఒక వైపు, లావు గొంతు ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లలోనూ అలాగే రెండు వైపులు. పాట ఒకటే, మాటలూ అవే. ఏ వరుస రాగం ఆ వరుసది. నాలుగు దారులూ కలిసి నడుస్తాయి.

మా ఆయన్ని లావు గొంతు మగవాళ్లలో కలిపారు. అక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి పాటకి నష్టం రాలేదు. నా గొంతు విని లావు గొంతు ఆడవాళ్ల వరుస చూపించారు. ఆ వరుసలో మిగిలింది రైళ్లావిడ ఒక్కతే. ఒకామె కొడుకుతో క్వీన్స్‌లాండ్ వెళ్లిపోయింది, ఇంకొకామె తుంటి ఆపరేషనయి మంచం మీద ఉంది.

నా చదువు మూడో తరగతితో ఆగింది. అమ్మ వెంట వరినాట్లకు పోయాను. నాట్లలో ఎవరి మునుము వాళ్లది. మన వెడల్పు చేను మనమే నాటుకుంటూ వెనక్కి నడవాలి, పక్కదాని మునుములోకి పోకూడదు. పైన పాట నడుస్తుంది. ఎత్తినామె ఊపిరి తీసుకునేలోగా రెండోది అందుకోవాలి. పాట ఆగితే చేతులూ ఆగుతాయి, మేస్త్రి ఊరుకోడు. కాబట్టి పక్క వరుస రాగం ఎంత లాగినా నా రాగంలో నేనుండడం నాకు కొత్త కాదు.

శనివారం శనివారం ముందు రైళ్లు, తర్వాత పాట. వాళ్ల భాష మాటలన్నీ ఆవిడ నోటి నుంచి నా చెవికే వచ్చాయి. అందులో ఒక అక్షరం ఉంది, నాలుక పైపళ్లకు ఆనించి పక్క నుంచి గాలి వదలాలి. కోపమొచ్చిన బాతులాగా వస్తుంది. నాకు వచ్చేసరికి ఆవిడ అందరినీ పిలిచి మళ్లీ అనిపించింది.

ఇంట్లో బియ్యం కడుగుతూ పాడుకుంటుంటే మనవరాలు వచ్చింది.

"అమ్మమ్మా, ఆ సాంగ్ నేను ఫోన్లో విన్నాను. ట్యూన్ అది కాదు."

"నువ్విన్నది సన్న గొంతులోళ్లది. నాది ఇదే."

పార్కులో నడిచే తెలుగావిడ ఒకామెకు ఈ సంగతి తెలిసింది.

"ఏంటి ఆంటీ, చర్చిలో పాడుతున్నారంట. మారిపోతున్నారా ఏంటి?"

"మీవాడు ఆఫీసులో క్రిస్మస్ కేకు తిన్నప్పుడు నేనడిగానా?" అన్నాను. ఆమె నడక వేగం పెంచింది.

ఒక శనివారం ఇంజను చక్రాలు తుడుస్తూ ఆవిడే అసలు సంగతి చెప్పింది. మార్చి మొదట్లో వాళ్ల పండుగకు ఊరంతటి నుంచీ వాళ్లవాళ్లు వచ్చి పాడతారు. మేం నేర్చుకుంటున్న పాటే వాళ్లాయన్ని సాగనంపిన రోజున పాడారు. అప్పటి నుంచి చివరి చరణం దగ్గర ఆమె గొంతు పూడుకుపోతోంది. కిందటేడు ఆమె ఆగిపోతే వరుసంతా ఆగిపోయింది.

"ఈసారి కూడా పాడలేకపోతే మానేస్తాను. నా కుర్చీ తీసెయ్యమని పాట నేర్పే పెద్దాయనతో చెప్పాను," అంది.

అయ్యో అని నేననలేదు. "మళ్లీ మొదటి నుంచి పాడు," అన్నాను. పాడింది.

పండుగ రోజు హాలు నిండిపోయింది. బయటి నుంచి వచ్చిన ఆడవాళ్లంతా సన్న గొంతుల వైపే చేరారు. నేను జరీ అంచు చీర కట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాను. మొదటి చరణాలు బాగానే సాగాయి. చివరి చరణం సగంలో నా పక్కన గొంతు తెగిపోయింది. నేను తల తిప్పలేదు. ఏడుపు ఆపుకునేవాళ్లను చూస్తే ఏడుపు ముదురుతుంది. ఎదురుగా గోడనే చూస్తూ పాట అందుకున్నాను. సన్న గొంతులు అటు లాగాయి, మగవాళ్ల గొంతులు ఇటు లాగాయి. మా వరుసలో పాడుతున్నది నేనొక్కదాన్నే. నేను జారలేదు. ఆ బాతు అక్షరం కూడా సరిగ్గా పలికాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

పాట ఒంటికి పట్టినప్పుడు ఆపడం వాళ్లకు తెలియదు. చివరి చరణం మళ్లీ ఎత్తుకుంటారు. పెద్దాయన చెయ్యి మళ్లీ లేచింది. ఆ రెండోసారికి ఆవిడ గొంతు తిరిగొచ్చింది. ముందు గాలిలా వచ్చింది, తర్వాత మాటగా, తర్వాత నా గొంతును మించి వచ్చింది. మూడోసారి కూడా ఎత్తారు. అప్పుడు నేను కాస్త తగ్గాను. ఆ మునుము ఆమెది.

తర్వాత టీ తాగుతుంటే మా ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"అంత దూరంలో నాకు నీ గొంతే వినపడిందే."

"నువ్వు నీ పాట సరిగ్గా పాడుంటే వినపడేది కాదు," అన్నాను. నవ్వాడు.

పెద్దాయన కప్పు పట్టుకుని ఆవిడ దగ్గరికి వచ్చి, వచ్చే శనివారం కుర్చీ వెయ్యమంటారా, తీసెయ్యమంటారా అని మెల్లగా అడిగాడు. ఆవిడ నా వైపు చూడను కూడా లేదు, నన్నడగనూ లేదు.

"రెండు వెయ్యండి," అంది.

ఇంకొకరెవరైనా నన్నడగకుండా నా శనివారాలు అలా పంచిపెట్టి ఉంటే అక్కడే నాలుగు దులిపేదాన్ని. ఆ రోజు మాత్రం టీ తాగి, నా కప్పూ ఆమె కప్పూ కడిగి బోర్లించి, బస్సుకి బయల్దేరాను.