నాన్న పగలగొట్టలేని లాదీ

నిన్న సాయంత్రం బాత్రూములో పలకలు కోసే మిషను చప్పుడు ఆగింది, దాంతోపాటు మా చిన్నవాడి గొంతూ ఆగింది. ఏదో ముంచుకొస్తోందని ఆ క్షణానే తెలిసింది. పరుగెత్తి చూస్తే, పైపు కోసం గుండ్రంగా చిల్లు చేసిన కొత్త పలకలోకి వేళ్లు దూరుస్తున్నాడు. వాణ్ని ఇవతలికి లాగాను. తడిసిన పలకపొడి వాసన మాత్రం నన్ను కామాటిపురలో గదికో కుటుంబం ఉండే మా చాల్‌కి లాక్కుపోయింది.

ఎనభైల్లో, వానలు తగ్గుముఖం పట్టి, గల్లీల్లో గణపతి మండపాలకు వెదురు బొంగులు కట్టే రోజులవి. మా ఒక్కగదిలో స్నానానికీ, గిన్నెలు తోమడానికీ ఒక మూల మోరీ ఉండేది. అందులో పై అంతస్తు నుంచి కింది గదిలోకి దిగే ఒక ఇనుప పైపు. దాని చుట్టూ నేల పగిలి, మా నీళ్లు కింది గది పోశవ్వ పొయ్యి మీద కారేవి.

"పండుగనాడు నా బచ్చాల మీద మీ సబ్బు నీళ్లు పడ్డయనుకో, అవి నీకే తినిపిస్త బిడ్డా" అని పోశవ్వ నాన్నకు చెప్పి పోయింది. బచ్చాలంటే బొబ్బట్లు.

తాపీపని నాన్నకు తాతల నుంచి వచ్చింది. పనిచేసే చోట మిగిలిన ఒకే ఒక్క పూల లాదీ, అంటే నేలపలక, తెచ్చి, వరండాలో నా తొక్కుడుబిళ్ల గీతల మీదే కూర్చుని, నీళ్లు చిలకరిస్తూ, చిన్న ఉలితో చుక్క పక్కన చుక్క కొడుతూ మధ్యాహ్నందాకా నడుమ చిల్లు తొలిచాడు. చాలంతా వచ్చి మెచ్చుకుంది. కొత్త మేడల్లో లాదీ పరిచాకే పైపు దించుతారు, ఆయన చేయి ఆ అలవాటున పోయింది. మా పైపుకేమో పైనా కిందా కొస లేదు.

"ఎట్ల తొడుగుతవ్? చాల్ లేపుతవా?" అంది అమ్మ.

రెండు ముక్కలు చేసి అటొకటి ఇటొకటి పెట్టాలి. నాన్నకు చేతులు రాలేదు. దాన్ని గోడకు ఆనించి చాయ్ తాగడానికి పోయాడు.

నాకా చిల్లు చేతిగాజులా కనిపించింది. బొటనవేలు మడిచి తోస్తే మణికట్టు దాటింది, వెనక్కి మాత్రం రాలేదు. సబ్బు, కొబ్బరినూనె, పోశవ్వ ఆముదం అన్నీ అయ్యాయి. చెయ్యి వాచి నేను ఏడుస్తుంటే, చాయ్ తాగి వచ్చిన నాన్న ఒక చేత్తో నా తలా, ఇంకో చేత్తో లాదీ నిమురుతున్నాడు.

"బిడ్డ చెయ్యి వోతుంటే పూలు జూస్తున్నవా?" అని పోశవ్వ సుత్తి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"జర ఆగు పోశవ్వా. ఇంకింత నూనె పోద్దాం."

దీపాలు పెట్టే వేళకు ఉలి ఆనించి, మొహం పక్కకు తిప్పుకుని కొట్టాడు. లాదీ సరిగ్గా చిల్లు మధ్యగా రెండైంది. మర్నాడు ఆ ముక్కలు పైపుకు చెరోవైపు అతికినట్టు కూర్చున్నాయి. పోశవ్వ బచ్చాలు తడవలేదు.

"ముందుగాలనే అట్ల చేద్దామనుకున్న" అని నాన్న గల్లీ అంతా చెప్పుకున్నాడు.

ఆ చాల్ కూలగొట్టినప్పుడు పూల లాదీ ఏ మట్టికుప్పలో పోయిందో. నాన్న పోయి చాలా రోజులైంది. మా పిల్లలు మరాఠీలోనే పోట్లాడుకుంటారు. రాత్రి నేను పదేపదే లేచి బాత్రూము గడియ చూసొచ్చాను.

పొద్దున్నే ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను: "ఆ చిల్లులో చెయ్యి పెట్టకండి. పెట్టి ఇరుక్కుంటే మాత్రం దాచకండి. వెంటనే పలక పగలగొట్టేస్తాను. మీ తాతలాగా నూనె పోస్తూ కూర్చోను."