పేపరక్క, గాలికి పోయిన వెనక సగం

చదివేవారికి నమస్కారం. నా చేతిరాత బాగుండదు. వలలు లాగిన వేళ్ళు, పెన్ను పట్టుకుంటే ఎటో పోతాయి. ఐదో తరగతితో ఆగిన చదువు నాది. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. అచ్చు వేసేవాళ్ళు దిద్దుతామన్నారు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

పేపరక్క పోయింది.

ఆ మాట నాకు మైపాడు ఒడ్డున తెలిసింది. పొద్దున పడవలు వచ్చాయి, చేపలు ఇసుకలో కుప్ప పోశారు, వేలం నడుస్తోంది. వేలం పాట పాడేవాడి ఫోను మోగింది. విన్నాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"పేపరక్క పొయ్యిందంట" అన్నాడు.

కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు గంపలు కింద పెట్టారు. కాసేపు ఎవరూ ధర అడగలేదు. ఐసు కరిగి ఇసుకలోకి ఇంకిపోతూ ఉంది. మా ఒడ్డున వేలం మధ్యలో ఆగడం నేను చూడలేదు.

ఆమె ఎవరో తెలియనివాళ్ళకు చెప్పాలి. మా పాలేనికి దగ్గరి టౌనులో ఒక వారపత్రిక ఉండేది. ఆమె భర్త పెట్టాడు. ఆయన తొందరగా పోయాడు. ఇంక పత్రిక ఉండదనుకున్నారు అందరూ. ఆమె ఆపలేదు. వార్తలు తనే తెచ్చేది, తనే రాసేది. కాలితో తొక్కే ప్రెస్సు మీద అచ్చు వేయించి, శనివారం బస్సులో కట్ట ఒళ్ళో పెట్టుకుని మా దాకా తెచ్చేది. ఒకటే పెద్ద కాగితం. మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు. ఢిల్లీ సంగతులు అందులో తక్కువ. ఏ రేవులో ఏ చేప పడుతోంది, కాలువ కట్ట ఎక్కడ తెగింది, బస్సు వేళ ఎందుకు మారింది, ఎవరి గేదె తప్పిపోయింది, ఎవరి పిల్ల హైస్కూలు పాసయింది, ఇవి ఉండేవి. మా పల్లె పేరు అచ్చులో నేను మొదట చూసింది అందులోనే. చూసి పక్కవాడికి చూపించాను. వాడు చదవలేడు, అయినా చాలాసేపు చూశాడు.

ఆమెకు చివరిదాకా ఒక కోరిక ఉండేది. అది సగమే తీరింది. ఆ సగం సంగతి చెప్పడానికే ఈ రాత.

ముందు నా సంగతి ఒకటి చెబుతాను. నన్ను చదివేవాణ్ణి చేసింది ఆమే. మేము ఒడ్డున వలలు బాగుచేసుకుంటూ ఉంటే ఒక కాపీ తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు బడికి పొయ్యినావంట గదా. గట్టిగా చదువు, అందరూ వింటారు."

"నాకు రాదక్కా."

"రాకపోతే రాకుండానే చదువు."

అందరూ నవ్వారు. మా అన్న మరీ ఎక్కువ నవ్వాడు. "వాడు పెళ్ళిచూపుల్లోనే నోరు తెరవలా. నువ్వేందక్కా పేపరు చదవమంటా ఉండావు" అన్నాడు. నేను తల ఎత్తకుండా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. రొయ్యల ధర దగ్గరకు వచ్చేసరికి నవ్వులు ఆగాయి. అందరి చేతుల్లో పని ఆగింది. అప్పటినుంచి శనివారం వస్తే ఆ పని నాదే. సిగ్గు పోలేదు. సిగ్గుతోనే చదివాను.

ఆమె ఏది రాసినా ముందు ఒక మాట అడిగేది. "ఇది అచ్చులో పడితే నీకేమన్నా ఇబ్బందా?" అని. ఒకసారి వేలం దగ్గర ఇద్దరు చొక్కాలు పట్టుకుని కొట్టుకున్నారు. ఆమె అక్కడే ఉంది. రాస్తుందేమోనని ఇద్దరూ వెనకాలే తిరిగారు. "పోండయ్యా, రాయనులే. రేపు మళ్ళా ఒకే పడవెక్కాలగదా మీరు" అంది.

ఒక ఏడు కార్తీకంలో గాలివాన లేచింది. మా పడవలు సముద్రం లోపల ఉన్నాయి. అన్న ఒక పడవలో, నేను ఇంకో పడవలో. మా పడవ కొట్టుకుపోయి ఎక్కడో దక్షిణాన ఒడ్డు తగిలింది. అన్న పడవ రాలేదు. ఇంకా కొన్ని రాలేదు.

బస్సు తోవ తెగిపోయింది. పేపరక్క చీర ఎత్తి దోపుకుని బురదలో నడిచి వచ్చింది. ప్రతి గుమ్మం ముందూ కూర్చుంది. రేషను కార్డులో పేరు అడగలేదు. "ఇంట్లో ఏమని పిలిచేవాళ్ళు?" అని అడిగి అదే రాసుకుంది. ఆ వారం పత్రిక మొదటి పేజీలో ఇంకేమీ లేదు. రానివాళ్ళ పేర్లు, ఒకదాని కింద ఒకటి, పెద్ద అక్షరాల్లో. చివరి పేజీలో తిరిగి వచ్చినవాళ్ళ పేర్లు.

శవం దొరకని ఇంట్లో దేనికి దణ్ణం పెట్టాలి? అప్పట్లో మాలో ఫోటో దిగినవాళ్ళు లేరు. ఎవరింట్లో మొదలయిందో తెలియదు. ఆ మొదటి పేజీకి పసుపు రాసి, పేరు పక్కన కుంకుమ బొట్టు పెట్టి, గోడకు ఆనించి దీపం పెట్టారు. తర్వాత అన్ని ఇళ్ళలో అదే. కొందరు నెల్లూరు పోయి అద్దం కట్టించుకున్నారు. పేరే పటం అయింది. పేపరక్క దగ్గరున్న కాపీలన్నీ అలా ఇళ్ళకు చేరాయి.

మా వదిన మాత్రం తెచ్చుకోలేదు. "అచ్చేస్తే పొయ్యినట్టేనా? ఆయన వస్తాడు" అనేది. చాలా రోజులు ఒడ్డునే కూర్చుంది. ఒకనాడు తనంతట తనే లేచి బస్సెక్కింది. నేను వెంట వెళ్ళాను. అప్పటికి ప్రెస్సులో మిగిలింది ఒకటే, ఏడాది పత్రికలన్నీ కలిపి కుట్టుకున్న ఆఫీసు కాపీ. పేపరక్క వదిన మొహం చూసింది. బ్లేడు తీసి, మడత దగ్గర కోసి, ముందు సగం ఆమె చేతిలో పెట్టింది.

"అది ఆఫీసు కాపీ గదక్కా" అన్నాను.

"ఆఫీసు ఎవరిదబ్బయ్యా?" అంది.

కోసిన తర్వాత వెనక సగం కుట్టులో వదులుగా ఉండిపోయింది. మా తీరంలో ఏది దాచాలన్నా ఎండబెట్టాలి. గాలిలోనే ఉప్పు, తేమ. చేప అయినా, చింతపండు అయినా అంతే. పేపరక్క పత్రికలకూ అదే చేసేది. ఏటా ఎండాకాలంలో మిద్దె మీద అన్నీ పరిచి, రాళ్ళు పెట్టి, ఎండే నెత్తళ్ళ చేపల్ని తిరగేసినట్టు తిరగేసేది. నేను సాయం పోయేవాణ్ణి. అలాంటి ఒక రోజు గాలి తిరిగింది. ఆ వెనక సగం కుట్టు నుంచి ఊడి పైకి లేచింది. ఇద్దరం చూస్తూనే ఉన్నాం. పక్క మిద్దె దాటి, కొబ్బరి మట్టల మీదుగా పోయి కనపడలేదు. వీధి వీధీ తిరిగాం. దొరకలేదు. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు.

పత్రిక ఆగి చాలా ఏళ్ళయింది. ఈమధ్య, చిన్న ఊళ్ళ పాత పత్రికలను కంప్యూటర్లో దాచేవాళ్ళు వచ్చారు. డిజిటల్ ఆర్కైవు అంటారట. వాళ్ళలో కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకాయన, పురిటిబిడ్డను ఎత్తినట్టు ఒక్కో కాగితాన్ని ఎత్తి యంత్రం కింద పరిచాడు.

"అమ్మా, వీటిని ఎండలో పెట్టేవారా?" అని అడిగాడు.

"పెట్టకపోతే ఉంటాయా నాయనా? పచ్చి చేప ఉంటదా?"

"ఆ ఎండకే ఇలా ఎర్రబడి పెళుసయ్యాయమ్మా."

పేపరక్క తన చేతులు చూసుకుంది. కాసేపటికి ఆయనే, "చెద మాత్రం లేదు. ఒక్క పురుగు లేదు" అన్నాడు. ఆమె నా వైపు చూసి గడ్డం ఎగరేసింది.

అవి పేపరక్క ఫోనులో తెరుచుకున్న రోజు నేను పక్కనే ఉన్నాను. సముద్రం మీద వింతలు చూశాను. రాత్రిపూట నీళ్ళు మెరవడం చూశాను. పడవ పక్కనే తిమింగలం లేచి మునగడం చూశాను. ఇది వాటిలో చేరదు. నేను సిగ్గుపడుతూ చదివిన శనివారాలన్నీ అందులో ఉన్నాయి. వేలితో జరిపితే ఒక వారం పోయి ఇంకో వారం వస్తుంది. తప్పిపోయిన గేదె ఇంకా తప్పిపోయే ఉంది. మారిన బస్సు వేళ అలాగే ఉంది. ఎక్కడో అమెరికాలో, అరబ్బు దేశంలో కూర్చున్నవాళ్ళు కూడా చూడొచ్చట. మా పాలెంలో ఆ వారం కవళ్ళ చేపలు ఎంత పడ్డాయో వాళ్ళకు తెలుస్తుంది! నేను ఫోనుకు దణ్ణం పెట్టాను. పేపరక్క నవ్వింది గానీ, ఆమె కళ్ళూ తడిగానే ఉన్నాయి.

ఒక వారం మాత్రం లేదు. అక్కడికి వస్తే తెల్లటి ఖాళీ, 'లభ్యం కాలేదు' అని చిన్న మాట. అది ఆ గాలివాన వారం.

"అన్ని వారాలుండి ఏం లాభం? మనిషికి గుండె లేనట్టుంది. నేను పోయేలోపల అది నిండాలబ్బయ్యా" అంది పేపరక్క.

పాలెంలో పటాలు మిగల్లేదు. తర్వాత వచ్చిన వానల్లో కొన్ని నానిపోయాయి. గుడిసెలు పోయి కాలనీ ఇళ్ళు వచ్చినప్పుడు కొన్ని పోయాయి. మా వదిన గోడ మీద ఒకటే ఉంది. పేపరక్క, కళ్ళద్దాలాయన, నేను వెళ్ళాం. ఒక్కరోజు ఇస్తే చాలమ్మా అని ఆయన అడిగాడు.

వదిన పటానికి అడ్డం నిలబడింది. "నీళ్ళలోకి పొయ్యినాడు, రాలా. ఇప్పుడు ఇంట్లోనించి గూడా పంపించమంటారా?"

ఆయన తల దించుకున్నాడు. పేపరక్క నేల మీద కూర్చుంది. "వద్దులేమ్మే. నేనిచ్చిందే గదా అని అడగను. మంచినీళ్ళియ్యి, పోతాం" అంది. నీళ్ళు తాగి, ఫోను తీసి, "నీకొకటి చూపించాల" అని వదినను పక్కన కూర్చోబెట్టుకుంది. గాలివానకు ముందు ఏదో ఏడు, ఏదో శనివారం. మనిషి పొడవు సొరచేపను పట్టినాడని మా అన్న పేరుతో చిన్న వార్త. పేపరక్క పైకి చదివింది. ఆమె గొంతులో మా అన్న మళ్ళీ సొరను ఒడ్డుకు లాగాడు.

వదినకు చదువు రాదు. కానీ ఏళ్ళ తరబడి బొట్టు పెట్టిన పేరు, దాని ఆకారం తెలుసు. వెతికి పట్టుకుంది. వేలు పెట్టింది. ఫోనులో పేజీ జరిగింది. ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది.

"కదలతా ఉండాడే!"

"మెల్లిగా రెండు వేళ్ళు పెట్టి తెరువు" అని పేపరక్క చూపించింది. పేరు పెరిగింది. ఫోనంతా పేరే అయింది. వదిన చాలాసేపు దాన్ని చూసి, తర్వాత గోడను చూసింది.

"ఇందులో సొరను లాగతా ఉండాడు. ఇది ఎప్పటికీ ఉంటదా అక్కా?"

"ఉండాలనే గదమ్మే ఈ తంటాలు."

"అయితే ఆయన పొయ్యిన సంగతి గూడా అందులో ఉండాల. ఇక్కడే తీసుకోండి. గోడమీంచి దించొద్దు."

కాగితం అద్దానికి అంటుకుపోయింది. విప్పితే చిరుగుతుందని కళ్ళద్దాలాయన అద్దం మీదనుంచే ఫోటో తీశాడు. దాని వెనకవైపు పేజీలో ప్రకటనలేలే అంది పేపరక్క. ఇప్పుడు ఆ వారం తెరిస్తే రానివాళ్ళ పేర్లు కనపడతాయి. మధ్యలో మా అన్న పేరు పక్కన వదిన పెట్టిన బొట్టు, ఎర్రగా. లోకంలో ఎవరు తెరిచినా ఆ బొట్టుతోనే కనపడతాడు.

చివరిసారి పేపరక్కను చూసినప్పుడు మంచం మీద ఉంది. ఫోను తలగడ పక్కన.

"పొయ్యినోళ్ళు దొరికినారు. తిరిగొచ్చినోళ్ళు దొరకలా. ఆ సగం గాలికి పొయ్యింది, నీ పేరు గూడా అందులోనే ఉండె" అంది.

"నేను ఎదురుగానే ఉండా గదక్కా."

"నువ్వెన్నాళ్ళుంటావబ్బయ్యా?" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఇంటికి వచ్చాక అర్థమైంది. పోయినవాళ్ళ పేజీకి ఇళ్ళలో పసుపు రాసి దాచారు. బతికి వచ్చినవాళ్ళ పేజీ ఎవరు దాచుకుంటారు? మనిషే ఇంట్లో తిరుగుతుంటే కాగితం ఎందుకు? నెత్తళ్ళు చుట్టి ఉంటారు, పొయ్యి రాజేసి ఉంటారు. మేమూ అంతే చేశాం.

అందుకే అడుగుతున్నాను. నెల్లూరు తీరాన, ముత్తుకూరు వైపు, చిల్లకూరు వైపు మీ పెద్దవాళ్ళ ఇళ్ళలో ట్రంకుపెట్టె అడుగున, గూట్లో, దేవుడి పటాల వెనక పరిచిన పాత కాగితాలు ఒకసారి తీసి చూడండి. పైన గాలివాన మాట, కింద తిరిగొచ్చిన మైపాడు దగ్గరి మనుషుల పేర్లు ఉంటే పారేయకండి. చిరిగినా, నూనె మరకలున్నా పర్వాలేదు. ఆ పేర్లవాళ్ళలో ఇప్పుడు మిగిలింది కొద్దిమందిమి. పేపరక్క చూడలేకపోయింది. వదినన్నా చూస్తుంది.

నేను రోజూ ఒడ్డున కూర్చుని ఆ వారం తెరుస్తాను. చివరి పేజీ దాకా జరుపుతాను. అక్కడంతా తెలుపే. ఎండ పడితే ఆ ఫోను అద్దంలో నా మొహమే కనపడుతుంది. ఏమన్నా దొరికితే ఈ పత్రికవాళ్ళ పేరున రాయండి, నాకు అందిస్తామన్నారు. దొరకకపోయినా వెతికామని ఒక ముక్క రాయండి. తొందరగా రాయండి.