మంగ పాలు, ఇద్దరు బిడ్డలు

1974 ఎండాకాలం. విజయవాడలో ఒక మిషన్ ఆస్పత్రి కాన్పుల వార్డులో నేను స్టాఫ్ నర్సుని. ఉద్యోగంలో చేరి ఆరేళ్లయింది. నాకు తెలియనిది ఏమీ లేదనుకునే వయసు, నోరు కూడా కాస్త పెద్దదే. ఆ వార్డులో ఎన్ని కాన్పులు చూశానో లెక్కలేదు గానీ, ఒక్కటి చెప్పమంటే ముందు గుర్తొచ్చేది మంగ. తమాషా ఏమిటంటే మంగ అక్కడ కాన్పుకు రాలేదు.

కొన్నేళ్ల క్రితం మా చెల్లెలి కూతురు, అల్లుడు మా ఇంటికొచ్చి సరోగసీ గురించి అడిగారు. దంపతుల బిడ్డను వేరే స్త్రీ తన కడుపులో మోసి, కని ఇవ్వడమన్న మాట. డబ్బిచ్చి మోయించుకోవడాన్ని చట్టం అప్పటికింకా ఆపలేదు. ఆ స్త్రీకి ఎంత ఇవ్వాలి, ఏ ఏజెన్సీని నమ్మాలి అని వాళ్ల బెంగ. నా ఉద్యోగం రోజుల్లో ఇదంతా ఎక్కడుంది? కానీ ఒకరి బిడ్డ కోసం ఇంకొకరి ఒంటిని జీతానికి కుదుర్చుకోవడం, అలా కుదిర్చేందుకు మధ్యలో ఒక మనిషి ఉండటం మాకు కొత్త కాదు. వాళ్లకు సలహా చెప్పే ముందు మంగ సంగతి చెప్పాను.

కూచిపూడి పక్క ఒక పల్లె నుంచి ఎనిమిదో నెల గర్భిణిని తీసుకొచ్చారు. ఎక్లాంప్సియా. అంటే బి.పి. బాగా పెరిగి ఫిట్స్ రావడం. తల్లి దక్కలేదు. మూడు పౌండ్ల ఆడపిల్ల దక్కింది. పిల్ల తండ్రి వెంకటరత్నం వరండాలో గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఆయన తల్లి అనసూయమ్మ గారే అన్నీ చూసుకుంది. డబ్బా పాలు పడితే పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే చెయ్యి దాటిపోతుందని, తల్లిపాలు దొరికితేనే ఆశ అని డాక్టరమ్మ గారు చెప్పేశారు.

ఆస్పత్రి గేటు ఎదురుగా ఆదెమ్మ అని ఒకామె ఉండేది. ఇళ్లకు పనిమనుషుల్ని, పసిపిల్లలకు పాలిచ్చే ఆడవాళ్లని కుదిర్చిపెట్టేది. ఆమె పంపిన మనిషి మీద ఎవరూ వచ్చి నాతో పితూరీ చెప్పలేదు. అందుకే ఆదెమ్మంత నమ్మకస్తురాలు లేదని అందరితో నేనే చెప్పేదాన్ని. అనసూయమ్మ గారికీ అదే చెప్పాను. మర్నాడు పొద్దున్నే ఆదెమ్మ మంగను వెంటబెట్టుకొచ్చింది.

మచిలీపట్నం దాటాక సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊరు మంగది. ఇరవై ఏళ్లు దాటి ఉండవు. మొగుడి వల చివికిపోయిందట, కొత్త వల కొనుక్కోవాలని వచ్చింది. నెలకు అరవై రూపాయలు, రెండు పూటలా భోజనం, మొదటి నెల జీతంలో సగం ఆదెమ్మకు అని మాట్లాడుకున్నారు. నేను చూడాల్సినవి మూడు. సుఖరోగాలు లేవని తేల్చే వి.డి.ఆర్.ఎల్. అనే రక్తపరీక్ష, క్షయ లేదని ఎక్స్‌రే, పాలు సరిపడా ఉన్నాయా లేదా. మూడూ బాగున్నాయి. బిడ్డ సంగతి అడిగితే, వాడు అన్నం తినే వయసువాడని మంగ బదులు ఆదెమ్మే చెప్పింది. సరేనన్నాను.

మూడు పౌండ్ల పిల్లకు రొమ్ము పట్టి చప్పరించే ఓపిక ఉండదు. మంగ పాలు చేత్తో గిన్నెలోకి పిండి, ముక్కులోంచి కడుపులోకి వేసిన సన్నటి ట్యూబు ద్వారా రెండు గంటలకోసారి పోసేవాళ్లం. విరేచనాలు కట్టేశాయి. పిల్ల ఒంటి రంగు మారింది. అనసూయమ్మ గారు నాకు దణ్ణం పెట్టింది, నేనూ సంతోషంగా పెట్టించుకున్నాను.

అయిదో రోజుకు పాలు సగమయ్యాయి. ఎనిమిదో రోజుకు గిన్నె అడుగు తడిస్తే గొప్ప. మిగతా పూటలు పిల్లకు గ్లూకోజు నీళ్లతో నెట్టుకొచ్చాం. అనసూయమ్మ గారు బజారు నుంచి పాలసొర చేప తెప్పించి, వెల్లుల్లి దట్టించి పిట్టు చేయించింది. మా వైపు బాలింతలకు పాలు పడాలంటే అదే వైద్యం. మంగ పెట్టిందంతా తినేది. చుక్క పెరగలేదు. తిన్నదంతా ఏమైపోతోందని నేను నలుగురిలో కసిరాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

పన్నెండో రోజు పొద్దున ఎవరో మూడు నెలల బిడ్డను టీకాకు తెచ్చారు. సూది పడగానే వాడు గొంతెత్తి ఏడ్చాడు. కిటికీ దగ్గర గుడ్డలు మడత పెడుతున్న మంగ రవిక ఒక్కసారిగా తడిసిపోయింది. పైట తడిసింది, చేతిలో గుడ్డ తడిసింది. దీన్ని మేం లెట్ డౌన్ రిఫ్లెక్స్ అంటాం. బిడ్డ ఏడుపు వింటేనే తల్లికి పాలు జలజలా దిగిపోవడం. కానీ మా వార్డులో పొద్దస్తమానం పురిటి పిల్లలు ఏడుస్తూనే ఉంటారు, మంగకు ఎప్పుడూ ఇలా కాలేదు. మూడు నెలల బిడ్డ గొంతుకే ఎందుకయింది? ఆమెను పక్కకు తీసుకెళ్లాను.

"నీ బిడ్డకు ఎన్నో నెల?"

"మూడు నిండినయ్యండి."

"అన్నం తింటున్నాడన్నారుగా?"

"ఆదెమ్మగారు అట్టా చెప్పమన్నారండి. చంటోడు ఉన్నాడంటే ఎవురూ పెట్టుకోరంట. మా అత్త కాడ ఉన్నాడండి. గంజి పోత్తంది."

ఆదెమ్మ షరతే అది: బిడ్డను వదిలి రావాలి. పాలన్నీ డబ్బిచ్చిన వాళ్ల బిడ్డకే దక్కాలని. పైగా అది ఎంత తెలివితక్కువ షరతో నర్సింగ్ చదివిన నాకు తెలియాలి కదా! చేత్తో పిండితే పాలు నానాటికీ తగ్గుతాయి, బిడ్డ గట్టిగా లాగితే ఊరుతాయి. లాగే బిడ్డేమో అక్కడ గంజి తాగుతున్నాడు. ఇక్కడి పిల్లకు లాగే బలం లేదు.

వాడిని తెప్పించమని అనసూయమ్మ గారితో చెప్పాను. ఆమె ముఖం మాడ్చుకుంది.

"వాడొస్తే మా పిల్లకు మిగిలేదేంటి సిస్టరమ్మా?"

"వాడు రాకపోతే మీ పిల్లకి మిగిలేదేమీ లేదండి."

ఇలా అయితే రేపటి నుంచి తన దగ్గరికి ఎవరొస్తారని, సంగతి తెలిసి వచ్చిన ఆదెమ్మ గొణిగింది. ఆమెకు నేను జవాబు చెప్పేలోపే, భార్య పోయినప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడని వెంకటరత్నం లేచి చొక్కా తొడుక్కున్నాడు. మంగను ఊరి గుర్తులు అడిగి, బస్టాండుకు వెళ్లిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం తిరిగొచ్చాడు. భుజాన తువ్వాలులో బిడ్డ, వెనక మంగ అత్త. బిడ్డ చిక్కి శల్యమయ్యాడు. కళ్లు గుంటలు పడ్డాయి, తొడల మీద తోలు మడతలు పడింది. ఏడవడం కూడా మానేశాడు. మంగ వాణ్ణి ఒళ్లో వేసుకుని రొమ్ము అందిస్తే మొహం తిప్పేసుకున్నాడు. మళ్లీ పెట్టింది, మళ్లీ తిప్పేసుకున్నాడు. ఇద్దరు బిడ్డల ప్రాణాలూ వాడు నోరు తెరవడం మీద ఆగి ఉన్నాయి.

మంగ మాత్రం కంగారు పడలేదు. ఒక్కో చుక్క పిండి వాడి పెదాల మీద రాస్తూ, ఏదో కబుర్లు చెబుతూ కూర్చుంది. అరగంట అలాగే గడిచింది. ఉన్నట్టుండి వాడు నాలుక చాచాడు. ఆ తర్వాత పట్టుకున్నాడు చూడండి! గుటకల చప్పుడు గది అంతా వినిపించింది. వాడు ఇటు లాగుతుంటే, ఎవరూ ముట్టుకోని అటువైపు రొమ్ము నుంచి పాలు ధార కట్టాయి. గిన్నె, గిన్నె అని నేను అరిచాను. పరుగెత్తుకొచ్చి గిన్నె పట్టింది అనసూయమ్మ గారు. ఆవిడ చేతిలో గిన్నె నిండుతోంది, ఒళ్లో వాడు తాగుతున్నాడు. డాక్టరమ్మ గారు గుమ్మంలో అలాగే నిలబడిపోయారు. అన్నేళ్లుగా పాలిచ్చే తల్లుల మధ్యే తిరిగాను గానీ, ఆ పూట మాత్రం నాకు ఒళ్లు జలదరించింది. దేవుడా, ఎంత గొప్ప ఏర్పాటు చేసి పెట్టావయ్యా అనుకున్నాను.

అప్పటి నుంచి రోజూ పొద్దున ఇద్దరినీ తూచేదాన్ని. అనసూయమ్మ గారు మనవరాలి తూకం విని వెళ్లిపోయేది. ఒకరోజు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "వాడెంతున్నాడు?" అని అడిగింది. ఇక ఆ పిల్లల గురించి నాకు భయం పోయింది. నెలన్నర తర్వాత పిల్ల తనంతట తాను రొమ్ము పట్టింది. మంగ బిడ్డతో సహా అనసూయమ్మ గారి ఊరు వెళ్లి ఇంకో నాలుగు నెలలు ఉంది.

మంగ తన ఊరు వెళ్లిపోయే ముందు అందరూ ఆస్పత్రికి వచ్చారు. పిల్లలిద్దరూ బొద్దుగా ఉన్నారు. మాట్లాడుకున్న జీతం గాక కొత్త వలకు కూడా డబ్బిచ్చిందట అనసూయమ్మ గారు. ఇంకా ఏమిస్తే సరిపోతుందో చెప్పమని మంగ ముందే నన్ను అడిగింది. నేను ఆలోచిస్తుంటే, ఆవిడ మనవరాలికి పాలిస్తూనే మంగ అంది:

"మీరిచ్చింది చాలండి. పాలకేముందండి, ఊరతానే ఉన్నయ్యి. మా వోడు గంజి తాగిన రోజులున్నయ్యే, ఆటికేం ఇత్తారో నాకు తెలవదండి."

కోపంతో అన్న మాట కాదు. నిజంగానే తెలియక అడిగినట్టుంది. అనసూయమ్మ గారు కళ్లొత్తుకుంది.

మా చెల్లెలి కూతురికి చివరగా ఇదే చెప్పాను. డబ్బు ఎంతైనా ఇవ్వండి, అది పెద్ద విషయం కాదు. ఏజెన్సీ వాళ్లని మాత్రం ఎంతమందికి పిల్లల్ని ఇప్పించారని అడక్కండి, అది వాళ్లే గొప్పగా చెప్పుకుంటారు. ఆ మోసే ఆమెతో మధ్యలో ఎవరూ లేకుండా మాట్లాడనిమ్మనండి. ఈ తొమ్మిది నెలలూ ఆమె సొంత పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, ఏం తింటారు, ఆమెకేమైనా అయితే వాళ్లనెవరు చూస్తారు అని అడగండి. వాళ్లు నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి.

మంగ కంటే ముందు ఏడు కుటుంబాలను నేను ఆదెమ్మ దగ్గరికి పంపాను. ఏడుగురు ఆడవాళ్లు వచ్చి పాలిచ్చారు. ఏడు ఇళ్లవాళ్లూ స్వీట్లు తెచ్చి నన్ను మెచ్చుకుని వెళ్లారు. ఆ ఏడుగురి బిడ్డలు ఏమయ్యారో నేను ఒక్కసారి కూడా అడగలేదు.