నూనె బావ దగ్గు

ఆ ఇంట్లో అడుగుపెట్టినవాళ్లు ఎంతటివాళ్లైనా సరే, కుర్చీలో కూర్చునే ముందు ఓ చెంచాడు ఆలివ్ నూనె మింగి దగ్గాలి. అది నూనె బావ పెట్టిన నియమం. లోకంలో పెద్దమనుషులు చొక్కా జేబులో కలం పెట్టుకుంటారు. ఆయన చెంచా పెట్టుకుంటాడు.

ఆయన పనిచేసేది పరిశోధనశాలలో. మంచి ఆలివ్ నూనె మింగితే గొంతు వెనకాల చురుక్కుమంటుంది. ఆ చురుకు పుట్టించే పదార్థాన్ని విడదీసి, గాజు గిన్నెల్లో పెంచిన క్యాన్సర్ కణాల మీద వేసి, ఏవి చస్తున్నాయో ఏవి బతికి బట్టకడుతున్నాయో చూడటం ఆయన ఉద్యోగం. చూసీ చూసీ జుట్టు నెరిసింది, నెరిసింది కాస్తా రాలింది. దగ్గొస్తే నూనెలో సరుకున్నట్టు, రాకపోతే లేనట్టు. మనుషుల్ని కూడా ఆయన దగ్గును బట్టే గుర్తుపెట్టుకునేవాడు.

ఓసారి ప్లంబరు వచ్చాడు. "సార్, వంటింట్లో పైపు కారుతోందన్నారు" అన్నాడు.

"పైపు ఎక్కడికీ పోదు. ముందు నోరు తెరువు."

పాపం అతను దగ్గి దగ్గి, పైపు సంగతే మర్చిపోయి వెళ్లిపోయాడు. వంటిల్లు వారం పాటు కారింది. బావ మాత్రం "ఏం దగ్గాడే, అలాంటి గొంతు అరుదు" అని భార్యతో చెప్పుకుని మురిసిపోయాడు.

హోటల్లో నూనె రుచి చూసి దగ్గు రాకపోతే సర్వరును పిలిచేవాడు. "బాబూ, పొరపాటున కుట్టుమిషన్ నూనె తెచ్చినట్టున్నావు." దగ్గు రప్పించని నూనె ఏదైనా ఆయనకు కుట్టుమిషన్ నూనే. అలాంటి సీసాను గుమ్మం దాటనివ్వడు.

"నా మిషన్ ఏం పాపం చేసింది బావా" అనేది మరదలు. పక్కవీధిలో ఆమెది దర్జీ దుకాణం. బావ నూనెకు ఇంటిల్లిపాదిలో అందరికంటే గట్టిగా దగ్గేది ఆమే కాబట్టి, ఆమె మీద ఆయనకు ప్రత్యేకమైన గౌరవం.

ఆ మరదలికే రొమ్ములో గడ్డ కనిపించింది. క్యాన్సరేనని తేలింది. ఇప్పుడే మొదలుపెడితే నయమవడానికి మంచి అవకాశముందని, ముందు సెలైన్లో మందు ఎక్కించి తర్వాత ఆపరేషన్ చేస్తామని డాక్టరమ్మ చెప్పింది. కానీ అదే మందు ఎక్కించుకున్న ఒకావిడ దుకాణానికి వచ్చినప్పుడల్లా ఆవిడ బట్టలు బిగించి కుట్టింది మరదలే. టేపు పట్టుకుని ఆవిడ చిక్కిపోవడం కళ్లారా చూసింది. ఆ భయంలో ఉండగా ఓ పత్రికలో బావ ఫొటో పడింది. పైన 'ఆలివ్ నూనెతో క్యాన్సర్ మాయం' అని వేలెడంత అక్షరాలు. ఆమె ఖాళీ డబ్బా పట్టుకుని నేరుగా అక్కా బావల ఇంటికి వచ్చేసింది.

"ఆ మందులు నాకొద్దు బావా. నీ నూనె చాలు. ఇందులో నింపు."

బావ సీసా మూత బిగించాడు. "ఇవ్వను."

వంటింట్లో అక్క చేతిలో గరిటె జారింది. ఆయన ఎవరికైనా నూనె లేదనడం కాపురానికి వచ్చాక ఆమె వినడం అదే మొదలు.

"పేపర్లో నువ్వే చెప్పావుగా?"

"రెండు మాటలు చెప్పాను. గిన్నెలో కణాలు చచ్చాయన్నాను. మనిషిలో చస్తాయో లేదో ఇంకా తెలీదన్నాను. రెండోది వేస్తే పేపరు ఎవడు కొంటాడు?"

"గిన్నెలో చచ్చేవి నాలో చావవా?"

"గిన్నెలో నిప్పేసినా చస్తాయమ్మా. అందుకని నిన్ను పొయ్యిలో పెట్టమంటావా?"

ఆమె నవ్వలేదు. డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "భయమేస్తోంది బావా."

బావ చెంచాను చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు. "నాకూ వేస్తోంది. నేనిన్నేళ్లు చేసిన పని చూసుకుని నువ్వు మందు మానేస్తే, ఆ గిన్నెలన్నీ రేపే బద్దలుకొట్టేస్తాను. ఒక బేరం. సెలైన్ ఎక్కించుకుని బయటికొచ్చి, చేతి మీద ప్లాస్టరు చూపించు. చెంచాడు పోస్తాను. డాక్టరమ్మను నేనే అడుగుతాను. ప్లాస్టరు లేకపోతే చుక్క కూడా లేదు."

"మందుగానా?"

"మందుగా కాదు. మర్యాదకి."

అలా మొదలైంది. మందు ఎక్కే రోజున బావ పరిశోధనశాలకు సెలవుపెట్టి ఆస్పత్రి వరండాలో సీసాతో కాపలా కాసేవాడు. ఆమె ప్లాస్టరు చూపించేది, ఆయన పోసేవాడు. మొదటిసారి ఇద్దరూ కలిసి దగ్గారు. తర్వాత ఆమె నోరంతా పూసింది. నీళ్లు మింగినా మంటే. అయినా బావ నూనె వెన్నలా జారిపోయేది, దగ్గు రాలేదు. మందుకు గొంతు మొద్దుబారింది కాబోలనుకుంది. బావ మాత్రం తన చెంచా మింగి పై అంతస్తుకు వినిపించేలా దగ్గేవాడు. ఓసారి నర్సు చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చి ఆయన్నే కూర్చోబెట్టింది.

"పేషెంటు నేను కాదమ్మా."

"అందరూ ముందు అలాగే అంటారు. కూర్చోండి."

మందులు అయ్యాయి, ఆపరేషన్ అయింది, నోటిపూత మానింది. ఇక అప్పుడప్పుడూ పరీక్షకు వస్తే చాలంది డాక్టరమ్మ. ఆ సాయంత్రమే మరదలు అక్క ఇంటికి వచ్చింది. కుర్చీలో కూర్చోకముందే బావ చెంచా తీశాడు. ఆమె మింగింది. గొంతులో సూది గుచ్చినట్టయి, కళ్లనీళ్లు కారేదాకా దగ్గింది. బావ ముఖం వెలిగిపోయింది. "సరుకుంది" అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుంటూ ఆలోచనలో పడింది. "మరి ఆస్పత్రిలో దగ్గు రాలేదేం బావా?"

"పూసిన గొంతు కదా. మొద్దుబారి ఉంటుంది."

"నీళ్లకే మండిన గొంతు, నీ నూనెకి మొద్దుబారిందా?"

బావ పైకప్పు చూశాడు. అక్క ఇక ఆగలేకపోయింది. "కొట్టుకెళ్లి, ఉన్నవాటిలో చప్పటి నూనె ఏదని అడిగి తెచ్చారే. సీసాను తువ్వాల్లో చుట్టి, వీధి మొగలో అటూ ఇటూ చూసుకుంటూ వచ్చారు. సారా తెచ్చేవాడు కూడా అంత సిగ్గుపడడు."

మరదలు కళ్లు తుడుచుకోవడం ఆపేసింది. "అంటే ఇన్నాళ్లూ నాకు పోసింది కుట్టుమిషన్ నూనెనా?"

బావ సీసా మూత బిగించడంలో మునిగిపోయాడు.

"నువ్వు మింగిందీ అదేగా? మరి నర్సు కుర్చీ తోసుకుంటూ వచ్చేలా ఆ దగ్గు దేనికి?"

బావ చెంచా తుడిచి, జేబులో జాగ్రత్తగా పెట్టుకున్నాడు.

"మర్యాదకి" అన్నాడు.