వరుసలో మొదటి చోటు

మా పెదనాయన ఇక లేడన్న కబురు పోయిన వారం గుంతకల్లులో నేను డ్యూటీకి బయలుదేరుతుండగా తెలిసింది. ఆయన మా నాయనకు అన్న. నాకు సేద్యం, వాదించడం రెండూ నేర్పాలని చూశాడు. సేద్యం మాత్రం నాకు అబ్బలేదు. కళ్యాణదుర్గం బస్సులో కూర్చున్నంతసేపూ ఏడుపు రాలేదు. ఆయనకు చెప్పకుండా మిగిలిపోయిన జవాబులే గుర్తొస్తూ పోయాయి.

ఆయన మాటల్లో సగం నాకు గిట్టేవి కావు. మనిషంటే మాత్రం ప్రాణం.

వేరుశనగ కాయలు వలిచే రోజుల్లో ఆయన ఇంటి ముందు పందిట్లో ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చునేవారు. టీ ఆయనే పోసిచ్చేవాడు, గ్లాసు నిండుగా. పోస్తూనే పోట్లాట మొదలుపెట్టేవాడు.

"సర్కారు బియ్యం తినేవాళ్లకు, పింఛను తీసుకునేవాళ్లకు ఓటెందుకప్పా? బువ్వ పెట్టినోనికే గుద్దుతారు. భూమి ఉండేవోళ్లు, పన్ను కట్టేవోళ్లు వేస్తే సాలు."

వాళ్ళలో సుంకులమ్మ ఉండేది. భర్త పోయాక కూలి చేసి, వితంతు పింఛనుతో పిల్లల్ని సాకిన మనిషి. వలుస్తున్న చేయి ఆపకుండానే అనేది: "నీ మోటారుకు కరెంటు ఊరికే వస్తాంది గదన్నా. మరి నువ్వూ ఇంట్లోనే ఉండు."

"అది వేరేలే," అని నవ్వి, ఆమె గ్లాసులో ఇంకొంచెం పోసేవాడు.

మా ఊళ్ళో ఓట్లనాడు వరుసలో మొదటి చోటు ఆయనదే. మా తాత కాలం నుంచీ మా ఇంటి పెద్దే ముందు వేయడం అలవాటు. ఆయన తలంటుకుని, తెల్ల పంచె కట్టుకుని వచ్చేదాకా బడి గేటు దగ్గర జనం ఆ చోటు వదిలి నిలబడేవారు. చిన్నప్పుడు అది చూసి నేను తెగ మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

తర్వాత వానలు ముఖం చాటేశాయి. బోర్లు ఒక్కొక్కటే ఎండిపోయాయి. కొత్తవి వేయించడానికని పొలం చాలావరకు అమ్మేశాడు. చివరికి పెద్దమ్మ మందుల కోసం పింఛనుకు ఆయనే వేలిముద్ర వేశాడు. ఆ సంగతి మాలో ఎవరితోనూ ఎత్తలేదు.

మొన్నటి ఎన్నికలకు నేను ఊరికి వెళ్ళాను. పొద్దెక్కినా ఆయన స్నానానికి లేవలేదు. బడి దగ్గర జనం ఆయన కోసం చూసి చూసి, ఎవరు ముందు పోవాలో తేల్చుకోలేక గుసగుసలాడుతుంటే, సుంకులమ్మ వరుస విడిచి మా ఇంటికి వచ్చింది.

"ఏమన్నా, ఓటుకు రాల్యా?"

"నేను రాకూడదు సుంకులమ్మా. ఇప్పుడు నేనూ పింఛను మనిషినే. నా మాట నేనే తప్పితే ఎట్ల?"

నవ్వులాటకు అనలేదు. ఊళ్ళో ఒక్కరి ఓటునూ ఆపలేకపోయిన మాట, కడకు ఆయన ఓటునే ఆపుతోంది.

సుంకులమ్మ గుమ్మంలోనే నిలబడి అంది: "ఆ మాట నువ్వు అన్నప్పుడల్లా వింటి. ఓటు మాత్రం మానలేదు. లేనోళ్లకే గదన్నా సర్కారుతో పని ఎక్కువ! మా మాట ఇనిపించేదానికి మాకుండేది అదొకటే. ఇప్పుడు నీకూ అంతే. లెయ్."

ఆయన లేచి కర్ర అందుకున్నాడు. "నేనన్నది తప్పేలే. అయినా అన్ని మాటలు పడి, నా టీ ఎట్ల తాగితివి?"

"టీ బాగుంటాండె."

పంచె మార్చుకుని ఆమె వెంట నడిచాడు. ఆయన్ను చూడగానే జనం పక్కకు జరిగారు. "రాన్నా, ముందుకు రా," అన్నారు. ఆయన చేయి అడ్డంగా ఊపాడు. మధ్యలో లేచి వచ్చినందుకు సుంకులమ్మ చోటు పోయింది. ఆమె పోయి వరుస చివర నిలబడితే, ఈయన ఆమె వెనక నిలబడ్డాడు, ఎండలో, కర్ర మీద రెండు చేతులూ ఆనించి.

పోయిన వారం కబురంది నేను ఊరు చేరేసరికి ఆయన్ను పందిట్లో పడుకోబెట్టారు. పూలు వేయడానికి ఊరంతా వరుస కట్టింది. మొదట ఎవరు వేయాలని మా వాళ్ళు పెద్దమ్మను అడిగారు. ఆమె వేలెత్తి పొలాల వైపు చూపించింది. కూలికి పోయిన సుంకులమ్మ కోసం మనిషిని పంపాము. చేతుల మన్ను కొంగుకు తుడుచుకుంటూ ఆమె వచ్చేదాకా, మొదటి చోటు వదిలి అందరం నిలబడ్డాము.