పెళ్లి పత్రికతో బాన్సువాడకు

పొద్దున ఆరుంబావుకు సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండులో బాన్సువాడ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టి చేతిలో పెట్టాడు. అటు వెళ్లాలనుకునేవాళ్లు మెదక్, ఎల్లారెడ్డి మీదుగా పోయే బస్సే ఎక్కండి. నాలుగు గంటల పైన పడుతుంది గానీ, దారి కంటికి చల్లగా ఉంటుంది. నా సంచిలో రెండు చీరలు, బీపీ మాత్రలు, ఒక పెళ్లి పత్రిక ఉన్నాయి.

పక్క సీటు పెద్దావిడ మేడ్చల్ దాటకముందే విచారణ మొదలుపెట్టింది.

"ఏ ఊరికి పోతున్నవమ్మా?"

"బాన్సువాడ."

"ఎవరింటికి?"

"పెళ్లి పిలుపులకు," అన్నాను. పాత అలవాటు. అబద్ధం నాలుక చివరన కూర్చునే ఉంటుంది.

నేను బాన్సువాడ దవాఖానలో పద్దెనిమిదేళ్లు సుఖవ్యాధుల కౌన్సెలర్‌గా పనిచేశాను. రిటైరై నాలుగేళ్లయింది. ఇప్పుడు నా కుర్చీలో సమ్రీన్ అనే అమ్మాయి కూర్చుంటోంది. పని నేర్పింది నేనే. ముందురోజు సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. "అమ్మా, ఒకాయనకు సిఫిలిస్ తేలింది. సూది ఇచ్చినం. భార్యకు ఎనిమిదో నెల. ఆమెకు చెప్పాలె, పరీక్ష చెయ్యాలె అంటే గజగజ వణుకుతుండు. పెండ్లి పత్రికల మేడం వస్తెనే అంట." పేరు ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ జబ్బు తల్లికి అంటి ఉంటే కడుపులో బిడ్డకు గండం. కాన్పుకు ముందే, ఎంత తొందరగా సూది పడితే అంత మంచిది. అందుకే రాత్రికి రాత్రే సంచి సర్దుకున్నాను.

పెండ్లి పత్రికల మేడం అన్న పేరు నాకెలా వచ్చిందో చెప్పాలి. జబ్బు ఉన్నవాడికి మందిస్తే సగం పనే అయినట్టు. వాడి భార్యకో, వాడు కలిసిన మనిషికో కబురు వెళ్లాలి, ఎవరి నుంచి అంటిందో పైకి రాకూడదు. వాళ్లంతట వాళ్లే చెప్పుకుంటే సరే. చెప్పలేకపోతే, వాళ్ల అనుమతితో నేను వెళ్లేదాన్ని. పల్లెలో దవాఖాన మనిషి గడప తొక్కితే వాడకట్టంతా కిటికీల్లోకి వస్తుంది. కానీ పెళ్లి పత్రిక పట్టుకుని వచ్చిన ఆడమనిషిని ఎవరూ ఆపరు. బొట్టు పెట్టి, ఇంటి ఇల్లాలి చేతికే పత్రిక ఇవ్వడం మన మర్యాద కదా. బజారులో ప్రెస్సు వాళ్ల దగ్గర మిగిలిన పత్రికలు తెచ్చుకుని, లోపల ఒక చిన్న చీటీ పెట్టేదాన్ని. చీటీ మీద ఒక నంబరు, దవాఖానలో నా గది నంబరు, అంతే. అది చూపిస్తే పేరు అడగకుండా మందు ఇచ్చేవాళ్లం.

ఒకసారి రుద్రూర్ వైపు ఒక కుటుంబం చీటీని వదిలేసి, పత్రికను పట్టుకుని, ట్రాక్టరు కట్టుకుని నిజంగానే పెళ్లికి పోయింది! ముక్కూమొహం తెలియని పెళ్లిలో కడుపునిండా తిని, స్టీలు బిందె చదివించి వచ్చారు. ఆ ఇల్లాలు మర్నాడు నా గదికొచ్చి, "పెండ్లి మంచిగనే అయింది గని మీరు కనపడలేదేంది మేడం?" అని నిలదీసింది. నవ్వలేక చచ్చాను.

ఎల్లారెడ్డిలో బస్సు పది నిమిషాలు ఆగింది. చాయ్ తాగాను, ఇప్పుడూ చక్కెర పాకమే. ఆ తర్వాత నిజాంసాగర్ కాలువ నీళ్లు, రెండు పక్కలా పచ్చటి వరి. ఈ గట్ల మీద ఎండలో ఎన్నిసార్లు నడిచానో! అప్పుడు కాళ్లు తిట్టుకునేవి, ఇప్పుడు అవే కాళ్లు దిగి నడుద్దామంటున్నాయి.

పదిన్నర దాటాక బాన్సువాడలో దిగాను. నా పాత గదిలో ఇప్పుడు అట్టపెట్టెలు పేర్చారు. సమ్రీన్ గది మేడ మీద ఉంది. తలుపుకు నేను కట్టిన నీలం పరదానే వేలాడుతోంది. దాన్ని పట్టుకుని ఒక్క క్షణం నిలబడిపోయాను.

లోపల ముప్పై ఏళ్ల మనిషి తల దించుకుని కూర్చున్నాడు. సాయిలు అందాం, అసలు పేరు కాదు. ఊర్లు, ఒకరిద్దరి పనులు కూడా మార్చి రాస్తున్నాను. వరి కోత మిషను నడుపుతాడు, సీజనుకు రాష్ట్రాలు దాటి పోతాడు. అక్కడే అంటుకుంది.

"ఫోన్ల చెప్దామంటె ఆమె అవ్వగారింట్ల స్పీకర్ పెట్టే మాట్లాడ్తరు మేడం, ఇంటిల్లిపాది వింటరు. మెసేజ్ పెడ్దామంటె ఫోను మా బామ్మర్ది చేతుల ఉంటది. మీరే బలానికి సూది అని చెప్పి ఇప్పియ్యుండ్రి. మీకు పుణ్యం ఉంటది."

"ఆమె ఒంట్లోకి ఏం పోతుందో ఆమెకు తెలియకుండా సూది వేయించను," అన్నాను. "నేను తోడు వస్తాను. ఆమెను గడప దాటించి తీసుకొస్తాను. చెప్పాల్సింది నువ్వే."

అతను చేతిలోని మందుల చీటీని మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. చివరికి తలూపాడు.

"నా గురించి నీకెవరు చెప్పారు?" అని అడిగాను.

"మా అమ్మ. నా దవాఖాన చీటీ చూసి, పెండ్లి పత్రికల మేడం ఉన్నదేమో అడుగు అన్నది. మా అమ్మ మీకు ఎరికెనా?" అని తల్లి పేరు చెప్పాడు.

నాకు బాగా తెలుసు. ఇరవై ఏళ్ల కిందట కాలువ దగ్గర బట్టలు పిండుతుంటే బొట్టు పెట్టి పత్రిక ఇచ్చాను. రెండో రోజే చీటీ పట్టుకుని వచ్చింది. "గుర్తు లేదు నాయనా," అన్నాను. సమ్రీన్ నా మొహం చూసి తల తిప్పుకుంది.

ఒంటిగంట బస్సుకు బిచ్కుంద, అక్కడి నుంచి ఆటోలో డోంగ్లి వైపు. మూడు గంటలకు అతని భార్య పుట్టింటి ఊరు చేరాం. సాయిలును బస్టాపు అరుగు మీద కూర్చోబెట్టి నేనొక్కదాన్నే వెళ్లాను. వాకిట్లో ఆ ఇంటి ముసలమ్మ "యా, బసా" అని మరాఠీలో పిలిచి మంచం వాల్చింది. సాయిలు భార్య మౌనిక నిండు పొట్టతో బయటికి వచ్చింది. అత్తగారి వైపు చుట్టాన్నని చెప్పి, బొట్టు పెట్టి పత్రిక ఇచ్చాను.

ఆమె తండ్రి కళ్లజోడు పెట్టుకుని పత్రిక లాక్కుని పైకి చదివాడు. ఆగాడు.

"ఏమమ్మా, గీ పెండ్లి నాలుగేండ్ల కిందనే అయిపాయె గద?"

నా ప్రాణం పోయినంత పనైంది. రిటైరైన నాటి నుంచి సంచిలో ఉన్న పత్రికనే, తారీఖు చూసుకోకుండా తెచ్చాను. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఎన్నడూ చేయని తప్పు!

"అచ్చు తప్పు పడ్డది నాయినా, ఊకో," అంది మౌనిక.

"వారం గూడ తప్పు పడ్డదా?"

"వారం గూడ. ఈమెను బస్టాపు దాక తోల్కపోయి వస్త," అని చెప్పులేసుకుంది.

సందు మలుపు తిరిగాక గొంతు తగ్గించింది. "పొద్దుగాల మా అత్తమ్మ ఫోన్ చేసింది. స్పీకర్ బంద్ పెట్టి బయటికి రా బిడ్డా అన్నది. ఒక మేడం పెండ్లి పత్రిక పట్టుకొని వస్తది, భయపడక పో, నేను గూడ ఒకనాడు పోయిన, మందు తీసుకున్న అన్నది. అప్పుడు ఆమెకు ఏం మందు ఇచ్చిన్రో, ఎవరి వల్ల అంటిందో అన్ని చెప్పింది మేడం. ఏడ్చింది." మౌనిక కళ్లు తుడుచుకుంది. "మా ఆయనకు ఆమె ముచ్చట ఎరుక కావద్దు అన్నది."

నేను నడక ఆపేశాను. మొగుడు పోయినా, కొడుకు పెద్దవాడైనా ఆ మనిషి ఇరవై ఏళ్లుగా కడుపులోనే దాచుకున్న మాట అది. కోడలి కోసం బయటపెట్టింది. నాకు ఏడుపు ఆగలేదు. ఎనిమిదో నెల పిల్లే నన్ను పట్టుకుని నడిపించింది.

బస్టాపు దగ్గర నేను దూరంగా నిలబడ్డాను. సాయిలు ఏదో చెప్పాడు, మాట మింగాడు, మళ్లీ చెప్పాడు. మౌనిక చెరుకు తోట వైపు తిరిగింది. తర్వాత నాకు వినపడేటట్టు అంది: "రేపు దవాఖానకు వస్త. బిడ్డ కోసం వస్తున్న, మా అత్త చెప్పిందని వస్తున్న. నీ కోసం కాదు. నీ సంగతి కాన్పైనంక చూస్త."

బాన్సువాడకు తిరిగొచ్చి, రాత్రి సమ్రీన్ వాళ్లింట్లో పుల్లటి ఖట్టీ దాల్‌తో అన్నం తిని పడుకున్నాను. మర్నాడు తొమ్మిదింటికే ముగ్గురూ వచ్చారు, మూడో మనిషి మౌనిక అత్తగారు. జుట్టు నెరిసింది, చూపు అదే. వేలి చివర రక్తం తీసి పరీక్ష చేస్తే ఇరవై నిమిషాల్లో తేలింది, జబ్బు అంటింది. డాక్టరమ్మ చిన్న మోతాదుతో చూసి, పడుతుందని తేలాక పూర్తి సూది వేసింది. బిడ్డ పుట్టాక కూడా పరీక్ష చేస్తామని, వేళకు వచ్చారు కాబట్టి ధైర్యంగా ఉండమని చెప్పింది. సూది నొప్పికి మౌనిక పట్టుకున్నది అత్త చేయే.

పన్నెండున్నర బస్సుకు అత్తగారు నన్ను ఎక్కించడానికి వచ్చింది. మేమిద్దరం పాత సంగతి ఒక్క మాటైనా ఎత్తలేదు. బస్సు కదిలే ముందు కొంగు ముడి విప్పి, మడతలు పడ్డ ఒక పాత పెళ్లి పత్రిక కిటికీలోంచి నా చేతిలో పెట్టింది.

"గా పెండ్లికైతె పోలే మేడం," అంది. "గని పిలిచినందుకు బతికిన. రాసుకుంటె రాసుకో, నా పేరు పెట్టకు."

కాలువలు, వరి మళ్లు వెనక్కి పోతున్నాయి. బాన్సువాడలో చూడదగ్గవి ఏమున్నాయని ఎవరైనా అడిగితే నేను సరిగ్గా చెప్పలేను. నేను చూసినవన్నీ తలుపులు మూసిన గదుల్లోనివి. పక్క సీటు అమ్మాయి నా చేతిలోని పత్రికలోకి తొంగి చూసింది.

"ఆంటీ, ఇది ఎప్పటి పెండ్లి? ఇంకా పిలుస్తనే ఉన్నరా?"

"పిలుస్తూనే ఉన్నామమ్మా," అన్నాను. "ఇవాళ పొద్దున కూడా ఒకరు వచ్చారు."